గురుడికి రంగులు దిద్దేవాళ్లు

2016 ఆగస్టు 23న కృష్ణా పుష్కరాలు ముగిశాయి. గురుడు కన్యారాశిలోకి వచ్చాడని పన్నెండు రోజులపాటు ఘాట్లన్నీ కిటకిటలాడాయి. ఆ తర్వాత నాలుగు రోజులకే, ఆగస్టు 27న, నాసా పంపిన జూనో నౌక అదే గురుడి మేఘాలకు సుమారు 4,200 కిలోమీటర్ల ఎత్తులో దూసుకుపోతూ ఫొటోలు తీసింది. గ్రహం ఎక్కడుందన్న విషయంలో పంచాంగానికీ నాసాకూ పేచీ లేదు. అది ఏ రంగులో ఉందన్నదే అసలు చిక్కు.

గురుడంటే ఇప్పుడు మన ఫోన్లలో కనిపించేది నీలం, నారింజ రంగుల్లో సుడులు తిరిగే మేఘాల బొమ్మ. ఆ బొమ్మల్లో ఎక్కువ భాగం నాసా జీతగాళ్లు తయారుచేసినవి కావు. జూనో అసలు పని గురుడి గురుత్వాకర్షణనూ, అయస్కాంత క్షేత్రాన్నీ, మేఘాల అడుగున ఏముందన్నదాన్నీ కొలవడం. జూనోక్యామ్ అనే చిన్న కెమెరాను ముఖ్యంగా జనం కోసమని పెట్టారు. దాని బాధ్యత చూసే క్యాండిస్ హాన్సెన్ బృందానికి బొమ్మలు దిద్దే ప్రత్యేక సిబ్బంది లేరు. అందుకని ముడి ఫైళ్లను అందరికీ తెరిచిపెట్టి, చేతనైనవాళ్లు చేసిపెట్టండి అన్నారు. ప్రభుత్వ శాఖ ఏదైనా అలా అంటే మనం పనులు ఎగ్గొడుతున్నారంటాం. ఇక్కడ మాత్రం అది బ్రహ్మాండంగా పనిచేసింది.

ముడి ఫైలు తెరిస్తే గురుడు కనిపించడు. నిలువునా పేర్చిన నలుపు తెలుపు పట్టీలు కనిపిస్తాయి. ఎందుకంటే జూనో నిలకడ కోసం నిమిషానికి రెండు చుట్ల చొప్పున తన చుట్టూ తాను తిరుగుతూ ఉంటుంది, కెమెరా కూడా దాంతోపాటే తిరుగుతుంది. కెమెరా సెన్సర్ మీద నాలుగు ఫిల్టర్ పట్టీలు అతికించారు: ఎరుపు, ఆకుపచ్చ, నీలం, నాలుగోది మీథేన్ పట్టీ. ఒక్కో పట్టీ 1,648 పిక్సెళ్ల వెడల్పు, 128 పిక్సెళ్ల ఎత్తు. నౌక తిరుగుతుంటే గురుడు ఈ పట్టీల మీదుగా జారిపోతాడు. సెకనులో మూడో వంతుకు కాస్త అటూ ఇటూగా ఒక్కో క్లిక్కు పడుతుంది. అంటే ఒకే మేఘాన్ని ఎరుపులో ఒక క్షణం, నీలంలో మరో క్షణం తీస్తుందన్నమాట.

ఆ మరో క్షణంతోనే గొడవంతా. దగ్గరగా వచ్చినప్పుడు నౌక వేగం సెకనుకు దాదాపు 58 కిలోమీటర్లు. రెండు క్లిక్కుల మధ్య అది సుమారు 20 కిలోమీటర్లు ముందుకు జరిగిపోతుంది. అంత దగ్గర నుంచి ఒక్కో పిక్సెల్‌లో పట్టేది సుమారు మూడు కిలోమీటర్ల మేర. కాబట్టి పట్టీలను ఉన్నవి ఉన్నట్టు ఒకదానిపై ఒకటి పెడితే రంగులు పక్కకు తప్పుతాయి, దినపత్రిక సినిమా పేజీలో అచ్చు కుదరక హీరోయిన్ పెదవుల ఎరుపు చెంప మీదకు వచ్చినట్టు.

దీన్ని సరిచేయాలంటే ఆ క్షణాన నౌక ఎక్కడుంది, ఎటు చూస్తోంది, గురుడు ఎంత తిరిగాడు అన్నీ లెక్కలోకి తేవాలి. ఆ లెక్కల సమాచారం కూడా నాసా ఉచితంగానే ఇస్తుంది. గురుడు గుండ్రటి బంతి అయినా కొంత సులువయ్యేది. పది గంటల లోపే ఒక చుట్టు తిరిగే ఆ గ్రహం మధ్యలో ఉబ్బింది: భూమధ్యరేఖ దగ్గర అడ్డకొలత 1,42,984 కిలోమీటర్లు, ధ్రువం నుంచి ధ్రువానికి 1,33,708. ఆ ఉబ్బును పట్టించుకోకుండా పట్టీలు అతికితే అంచులు కలవవు. జర్మనీకి చెందిన గణితజ్ఞుడు గెరాల్డ్ ఐష్టెట్ ఈ పనికి సొంతంగా ప్రోగ్రాం రాసుకుని, ఒక్కో పరిభ్రమణానికీ వరసగా బొమ్మలు తీసి ఇచ్చారు. ఆ పని ఎంత పక్కాగా ఉందంటే తర్వాత శాస్త్రవేత్తల పరిశోధన పత్రాల్లో ఆయన పేరూ చేరింది.

పట్టీలు కుదిరాక వెలుతురు సంగతి. గురుడి దగ్గర ఎండ భూమి మీద పడేదానిలో 27వ వంతే. పైగా ఒక పక్క పగలు, ఇంకో పక్క సంధ్య. నున్నటి బంతి మీద ఆ ఎండ పడితే ఎక్కడ ఎంత వెలుగు ఉండాలో లెక్కగట్టి, ఫొటోలోని వెలుగును దాంతో భాగిస్తారు. అప్పుడు చీకటివైపు మేఘాలు కూడా బయటపడతాయి. వాటితోపాటు సెన్సర్ రొద కూడా బయటపడుతుంది. అత్యాశకు పోయినవాళ్ల బొమ్మల్లో చీకటి అంచున ఇసుక జల్లినట్టుండే ప్రాంతం కొత్త రకం తుపాను కాదు.

ఇక రంగు. మన కంటికి గురుడు మీగడ, లేత గోధుమ, పలుచని ఇటుక రంగుల చారలతో, కాస్త వెలిసిపోయినట్టు ఉంటాడు. ఆ రంగుల మధ్య తేడా చాలా తక్కువ. ఆ తేడాను సాగదీస్తేనే సుడులూ, వాటి అంచులూ విడివిడిగా తెలుస్తాయి. సాగదీయడం మోసం కాదు. ఎక్స్‌రే ఫిల్ములో ఎముక తెల్లగా ఉందని ఎవరూ డాక్టరు మీద కేసు పెట్టరు కదా. కానీ ఎంత సాగదీయాలన్నది కంప్యూటర్ చెప్పదు, కూర్చున్న మనిషి నిర్ణయం. ఒకే ముడి ఫైలు నుంచి ఒకరు పాలిపోయిన గ్రహాన్నీ, ఇంకొకరు నెమలిపింఛం లాంటి గ్రహాన్నీ తీస్తారు. గురుడు వాన్‌గో చిత్రంలా ఉన్నాడని మెచ్చుకునేవాళ్లు ఆ మెప్పులో కొంత రంగు పెంచే స్లైడర్‌కూ పంచాలి.

అందరూ పంచుకున్న నీలి దక్షిణ ధ్రువం బొమ్మనే తీసుకోండి. అది ఒక్క ఫొటో కాదు. నౌక గురుడి చుట్టూ తిరిగిన మూడు వేర్వేరు చుట్లలో తీసినవి కలిపి, ధ్రువమంతా పగటి వెలుతురులో ఉన్నట్టు అతికి, రంగు పెంచి చేసినది. అక్కడికి వెళ్లి నిలబడినా ఎవరికీ ఆ దృశ్యం కనిపించదు. అయినా వెయ్యి కిలోమీటర్ల దాకా వ్యాసం ఉన్న ఆ తుపానులు నిజం, అవి ఉన్న చోట్లు నిజం. బొమ్మ కింది వ్యాఖ్యలో ఈ సంగతులన్నీ రాసే ఉన్నాయి. బొమ్మతోపాటు వ్యాఖ్యను కూడా పంపే అలవాటు మాత్రం మనకింకా రాలేదు.

అందం కోసం చూసేవాళ్లు పక్కన పెట్టేసే మీథేన్ పట్టీ దగ్గర అసలు శాస్త్రం ఉంది. 889 నానోమీటర్ల దగ్గర మీథేన్ వాయువు ఎండను పీల్చేస్తుంది. కాబట్టి లోతున్న మేఘాలు నల్లగా, పైకి ఎగదన్నినవి తెల్లగా కనిపిస్తాయి. 2020 మే 31న దక్షిణాఫ్రికాలో క్లైడ్ ఫాస్టర్ అనే ఔత్సాహికుడు తన 14 అంగుళాల టెలిస్కోపుకు ఇలాంటి ఫిల్టరే పెట్టి, అంతకు కొన్ని గంటల ముందు ఆస్ట్రేలియాలో తీసిన ఫొటోల్లో లేని కొత్త మచ్చను పట్టుకున్నారు. రెండు రోజులకే జూనో అటుగా వెళ్లింది. ఆ ఫొటోలను దిద్దినది, ఈ ముడి ఫైళ్లతో బొమ్మలు చేసేవాళ్లలో ఒకరైన కెవిన్ గిల్. పెరట్లోని టెలిస్కోపు, కోట్ల డాలర్ల నౌక వారం తిరక్కుండా ఒకే తుపానును చూశాయి.

కెమెరాకు కూడా కష్టాలు వచ్చాయి. నౌక గురుడి చుట్టూ తిరిగే ఎనిమిది చుట్లు తట్టుకుంటే చాలనుకుని తయారుచేశారు. గురుడి చుట్టూ ఉన్న రేడియేషన్ దెబ్బకు 47వ చుట్టు నాటికి లోపం బయటపడింది, 56వ చుట్టులో దాదాపు అన్నీ చెడిపోయిన ఫొటోలే. ఇంజనీర్లు కెమెరాలో ఉన్న చిన్న హీటర్‌తో దాన్ని బాగా వేడిచేశారు. 2023 డిసెంబర్ 30న గురుడి ఉపగ్రహం అయోకు 1,500 కిలోమీటర్ల దగ్గరకు వెళ్లేసరికి ఫొటోలు మళ్లీ కొత్తవాటిలా వచ్చాయి.

ఆ ముడి ఫైళ్లన్నీ ఉచితం. చేసి చూడాలనుకునేవాళ్లు 2017 జులైలో తీసిన పెద్ద ఎర్రమచ్చతో మొదలుపెట్టండి. దాన్ని ఇప్పటికే చాలామంది దిద్దారు కాబట్టి, మీ బొమ్మ ఎక్కడ తేడాపడిందో పోల్చుకోవచ్చు. రంగు పెంచితే, పెంచామని కింద ఒక్క వాక్యం రాయండి.