అటక దిగిన తరవాణి కుండ

ఉగాది దాటి ఎండ ముదిరిందంటే విజయనగరంలో రోడ్ల పక్కన కుండలు బారులు తీరతాయి. ఎక్కువమంది కొనేది మంచినీళ్ళకే. కుళాయి బిగించిన కుండకి ఇప్పుడు గిరాకీ. కానీ కొందరు కుళాయి వద్దంటారు. మూతి కాస్త వెడల్పుగా ఉన్నది ఏరుకుని, వేలి కణుపుతో కొట్టి, చప్పుడు విని మరీ తీసుకుంటారు. వాళ్ళకి కావలసింది తరవాణి కుండ. చిన్నప్పుడు అమ్మమ్మ ఇంట్లో తాగి, ఆ తర్వాత పాతికేళ్ళో ముప్ఫయ్యేళ్ళో దాని ఊసే మరిచిపోయి, ఇప్పుడు మళ్ళీ మొదలుపెడదామనుకునేవాళ్ళు వీళ్ళు.

తరవాణి అంటే పులిసిన గంజి. అన్నం వార్చిన గంజి, బియ్యం కడిగిన నీళ్ళు కుండలో పోసి, ఉప్పు, వాము, కరివేపాకు, నాలుగు దబ్బాకులు వేసి మూల పెడితే రెండు మూడు రోజుల్లో పులుస్తుంది. రాత్రి మిగిలిన అన్నం అందులో వేసి, పొద్దున్నే ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తిని పొలానికి పోయేవారు. తీసినంత తీయడం, మళ్ళీ అంత గంజి పోయడం. కుండ ఎప్పుడూ ఖాళీ అయ్యేది కాదు.

మరి ఇంత తేలికైన పని ఎందుకు మానేశారు? ఫ్రిజ్ వచ్చిందని కొందరు, టిఫిన్లు వచ్చాయని కొందరు అంటారు. రెండూ నిజమే కానీ అసలు దెబ్బ కొట్టింది ప్రెషర్ కుక్కర్. కుక్కర్లో ఎసరు కొలిచి పోస్తాం, అన్నం ఆ నీళ్ళన్నీ పీల్చుకుంటుంది. ఇక వార్చేదేముంది? గంజి లేని ఇంట్లో తరవాణి కుండ ఏం చేస్తుంది, అటకెక్కుతుంది. దానికి తోడు నామోషీ. సద్దన్నం తింటున్నామని చెప్పుకోవడం లేమికి గుర్తయిపోయింది. కాఫీ, ఇడ్లీ దగ్గర దానికి పీట దక్కలేదు.

ఇచ్ఛాపురం దాటితే కథ వేరు. ఒడిశావాళ్ళు నీళ్ళలో నానిన అన్నాన్ని పఖాళ అంటారు, దానిమీద తేరే పుల్లటి నీటిని తొరాణి అంటారు. తరవాణికీ తొరాణికీ చుట్టరికం చెవికే తెలుస్తోంది. వాళ్ళు నామోషీ పడకపోగా ఏటా మార్చి 20న పఖాళ దినం అని పండగే చేసుకుంటున్నారు. 2021లో మాస్టర్‌షెఫ్ ఆస్ట్రేలియా వంటల పోటీ ఫైనల్లో బంగ్లాదేశీ మూలాలున్న కిశ్వర్ చౌదరి వండి పెట్టింది కూడా ఈ నానిన అన్నాల కుటుంబానికి చెందిన పాంతా భాతే. పొగ పట్టించిన అన్నపు నీళ్ళు, ఆలుగడ్డ ముద్ద, కాల్చిన చేప. ఉత్తరాంధ్ర పల్లెలో ఏ ముసలమ్మకి చూపించినా ఇదేం వింత అని నవ్వుతుంది.

కుండలో జరిగేదేమిటంటే, గంజిలోని పిండి పదార్థం, చక్కెరల మీద లాక్టిక్ బ్యాక్టీరియా పనిచేసి ఆమ్లాన్ని పుట్టిస్తుంది. పాలు పెరుగయ్యేదీ ఇలాగే. ఈ పులుపు సూక్ష్మజీవుల పనేనని లూయీ పాశ్చర్ 1857లో చూపించాడు. ఆమ్లం పెరిగేకొద్దీ చెడ్డ క్రిములు కుండలో మనలేవు. కాస్త ఈస్ట్ కూడా చేరుతుంది కనుక నాలుక మీద చిన్న చురుకు తగులుతుంది. మట్టి కుండ గోడల్లోంచి నీరు ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది, అందుకే మండుటెండలో కూడా తరవాణి చల్లగా ఉంటుంది.

బీరుకీ దీనికీ ఎంత దూరం? దగ్గరే. బీరులో పెద్దపీట ఈస్ట్‌ది, అది చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది. కానీ ఈస్ట్ నేరుగా పిండిని తినలేదు, కాబట్టి ముందు బార్లీ గింజను మొలకెత్తించి ఆరబెడతారు. మొలకలోని ఎంజైములు పిండిని చక్కెర చేస్తాయి. అలా మొలకెత్తించి ఆరబెట్టిన గింజ పేరే మాల్ట్. మన ఇళ్ళల్లో పసిపిల్లలకి చోళ్ళు (రాగులు) నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి విసిరే పిండి కూడా మాల్టే. సిక్కిం, నేపాల్‌లలో తోంగ్బా అనే పానీయాన్ని ఈ చోళ్ళతోనే పులియబెడతారు. పార్వతీపురం కొండలకి అవతల కోరాపుట్‌లో ఆదివాసీలు బియ్యంతో లాందా చేసుకుంటారు. అమెరికాలో 1978లో వచ్చిన చట్టం సొంత వాడకానికి ఇంట్లో బీరు కాచుకోనిచ్చింది. మన దగ్గర లైసెన్సు లేకుండా మద్యం తయారుచేస్తే 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద నేరం. పులియబెట్టే సరదా ఉన్నవాడికి ఇక్కడ చట్టం అడ్డురాని కుండ తరవాణి కుండే.

తరవాణి ఇలా ఇళ్ళల్లో తిరిగొస్తుంటే, చోళ్ళతో కాచే అంబలి మాత్రం ప్రభుత్వ దారిలోనే తిరిగొచ్చింది. 2023 మార్చిలో రాష్ట్రంలోని ప్రభుత్వ బడుల్లో పిల్లలకి రాగిజావ ఇవ్వడం మొదలైంది. విజయనగరం వ్యవసాయ పరిశోధన కేంద్రం రూపొందించిన చోడి రకాల పేర్లు చూస్తే వేగావతి, సువర్ణముఖి, గోస్తని. మన ఏరుల పేర్లే!

సరే, పాత కుండ దించుకున్నవాళ్ళకి మొదటి వారం కలిసిరాదు. పాతికేళ్ళు ఎండిన కుండలో పాత పులుపు మిగలదు. ముందుగా ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టాలి. సబ్బు మాత్రం తగలనివ్వకూడదు, మట్టి దాన్ని పీల్చి దాచుకుంటుంది. గంజి కోసం గిన్నెలో ఎక్కువ నీళ్ళు పోసి అన్నం వార్చాలి. ఇరవై ఏళ్ళు కుక్కర్ విజిల్ లెక్కపెట్టిన చేతికి, మూత అడ్డంపెట్టి వేడి గిన్నె వంచడం మళ్ళీ కొత్తే. సగం మంది ఇక్కడే వేలు కాల్చుకుంటారు.

మొదటి రోజు కుండలో గంజి వాసన తప్ప ఏమీ ఉండదు. రెండో రోజు పక్కల చిన్న బుడగలు లేస్తాయి, దబ్బాకు వాసన మెత్తబడుతుంది. మూడో రోజుకి పుల్లమజ్జిగ లాంటి వాసన వస్తే దారిలో పడ్డట్టు. పైన పల్చగా తెల్లని పొర కడితే అది సాధారణంగా ఈస్ట్, తీసేయొచ్చు. నలుపు, గులాబీ, పచ్చ రంగు బూజు కనిపిస్తే జాలిపడకుండా పారబోయాలి.

ఒక జాగ్రత్త పాతవాళ్ళు చెప్పకపోయినా పాటించేవారు. వండిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు చావవు. అన్నాన్ని వెచ్చగా గంటల తరబడి వదిలేస్తే అది విషం పుట్టిస్తుంది, మళ్ళీ కాచినా ఆ విషం పోదు. కుండలో నిన్నటి పులుపు ఉంటే కొత్తగా పోసిన గంజి త్వరగా పులిసి ఆ ముప్పు తగ్గుతుంది. అందుకే కుండ అడుగున కొంచెం ఎప్పుడూ ఉంచేవారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఇప్పటికే పెట్టుకుంటున్న ఇంటినుంచి ఒక గ్లాసు అడిగి తెచ్చుకోవడం మేలు. సద్దన్నంలో ఇనుము ఇన్ని రెట్లు పెరుగుతుందని ఫోన్లలో తిరిగే మాటలు కాస్త అనుమానంతోనే వినాలి. రాత్రంతా నానినంత మాత్రాన లేని ఇనుము పుట్టదు, ఉన్నది శరీరానికి అందడం తేలికవుతుందంతే.

ఆ గ్లాసు అడగడానికి వెళ్ళినప్పుడే అసలు సమస్య తెలుస్తుంది. వీధిలో నలుగురి పేర్లు చెబుతారు, ముగ్గురు ఎప్పుడో మానేశారు. నాలుగో ఇంట్లో పెద్దావిడ కుండ మీద గుడ్డ తొలగించి, అడుగు కలవకుండా పైతేట స్టీలు గ్లాసులోకి వంచి, తిరిగొచ్చేటప్పుడు గ్లాసు ఖాళీగా తేవద్దని చెప్పి పంపుతుంది.