ఇంటి దగ్గర గుర్రాన్ని పెంచుకోవచ్చా?

ఈ రోజు మనం మాట్లాడుకోబోయేది గుర్రం గురించి. రేసు గుర్రాలు, సినిమా గుర్రాలు కాదండి. ఇంటి ప్లాట్‌లో, కాంపౌండ్ గోడ లోపల పెంచుకునే గుర్రం.

రెండేళ్ళ కిందట మా బాబాయ్ షాద్‌నగర్ దగ్గర ఒక వెంచర్‌లో ఇల్లు కట్టుకున్నారు. పక్క ప్లాట్ కూడా ఆయనదే, రెండూ కలిపి 600 గజాలు. బరాత్‌లకు గుర్రాలు తిప్పే ఒకాయన దగ్గర ఒక ఆడగుర్రాన్ని కొన్నారు. పేరు రాణి. "స్థలం ఉంది, గడ్డి దొరుకుతుంది, ఇంకేం కావాలిరా?" అనేవారు. అప్పుడే ఉద్యోగం మానేసి ఖాళీగా ఉన్న నాకు కూడా నిజమే కదా అనిపించింది.

ఇంకేం కావాలో ఒక రాత్రి తెలిసొచ్చింది.

ఆ రోజు చెల్లి పుట్టినరోజు. వచ్చినవాళ్ళంతా రాణితో ఫోటోలు దిగారు. ఒకరు పూరీ పెట్టారు, ఒకరు అన్నం పెట్టారు, పిల్లలు బిస్కెట్లు పెట్టారు. బాబాయ్ ప్రేమకొద్దీ ఉలవ గుగ్గిళ్ళు రెట్టింపు చేశారు. రాత్రి ఒంటిగంటకు చూస్తే రాణి ముందుకాలితో నేలను గీరుతోంది, మెడ తిప్పి పొట్టవైపు చూసుకుంటోంది, పడుకుని దొర్లుతోంది, మళ్ళీ లేస్తోంది. అలసిపోయిందేమో అనుకున్నాం. కాదు, అది కోలిక్. అంటే గుర్రాలకు వచ్చే కడుపునొప్పి. వినడానికి చిన్నగా ఉంటుంది కానీ ప్రాణాలు తీస్తుంది.

ఎందుకో చెప్తాను. అంత పెద్ద జంతువుకి కడుపు చాలా చిన్నది, 8 నుంచి 15 లీటర్లే. రోజులో ఎక్కువసేపు కొంచెం కొంచెంగా గడ్డి మేస్తూ ఉండటానికి తయారైన శరీరం అది. గడ్డి అసలు అరిగేది వెనకవైపు ఉండే పెద్దపేగుల్లో, అక్కడి సూక్ష్మజీవుల వల్ల. గింజలు, పిండి పదార్థాలు ఒక్కసారిగా ఎక్కువ పడితే అవి పూర్తిగా అరగకుండానే అక్కడికి వెళ్ళి పులుస్తాయి, గ్యాస్ పడుతుంది. మనమైతే వాంతి చేసుకుంటాం. గుర్రం వాంతి చేసుకోలేదు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే రోల్‌బ్యాక్ లేని సిస్టమ్ అండి అది.

ఫోన్ చేస్తే దగ్గర్లో ఉన్న డాక్టర్లు ఆవులు, గేదెలు చూసేవాళ్ళు, లేదా కుక్కలు, పిల్లులు చూసేవాళ్ళు. గుర్రాలు చూసే డాక్టర్ వచ్చేసరికి మూడు గంటలు పట్టింది. ఆయన నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి, ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేశారు. తెల్లవారుజామున రాణి లద్దె వేసింది. లద్దె చూసి ఇంట్లో అందరం ఏడవడం అదే మొదటిసారి.

అప్పుడు కూర్చుని లెక్క వేశాం. స్థలం లెక్క కాదు, రోజు లెక్క. 350 కిలోల గుర్రానికి రోజుకి 6, 7 కిలోల ఎండుమేత కావాలి. అది నాలుగైదు సార్లుగా పెట్టాలి. వరిగడ్డి ఒక్కటే సరిపోదు. నీళ్ళు 25 లీటర్లకు పైనే, ఎండాకాలం ఇంకా ఎక్కువ. లద్దె రోజుకి పదిహేను కిలోలకు తగ్గదు, తీయకపోతే ఈగలు, పక్కింటివాళ్ళతో గొడవ. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించాలి. ధనుర్వాతం టీకా వేయించాలి, ఏటా పళ్ళు చూపించాలి. బాగా చూసుకుంటే 25 ఏళ్ళు బతుకుతుంది. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఇంకో విషయం, గ్లాండర్స్. ఇది గుర్రాల నుంచి మనుషులకు కూడా సోకే జబ్బు. దీనికి టీకా లేదు. పాజిటివ్ అని తేలితే మన దేశంలో ఆ గుర్రాన్ని చంపేయాల్సిందే. అందుకే కొనేముందే రక్తపరీక్ష అడగాలి. రాణిని కొన్నప్పుడు మేం ఆ పేరే వినలేదు. అలాగే మున్సిపాలిటీని, కాలనీ అసోసియేషన్‌ని ముందే అడగండి. పొట్టి తాడుతో గంటల తరబడి కట్టేసి ఉంచడం, సరిపడా తిండి, నీళ్ళు, నీడ ఇవ్వకపోవడం 1960 నాటి జంతు క్రూరత్వ నిరోధక చట్టం సెక్షన్ 11 ప్రకారం నేరం.

ఇవన్నీ డబ్బుతో, ఓపికతో సర్దుకోవచ్చు. మేం సర్దలేకపోయింది ఒక్కటే. గుర్రం మంద జంతువు, ఒంటరిగా ఉండలేదు. మెయిన్ రోడ్డు మీద బరాత్ వెళ్తుంటే అందులో గుర్రం సకిలించేది. రాణి ఇక్కడినుంచి జవాబిచ్చేది. బ్యాండ్ చప్పుడు దూరమయ్యేదాకా గోడ వెంట అటూ ఇటూ పరిగెత్తేది. మొదట్లో మేం అది చూసి, అబ్బో, ఎంత హుషారుగా ఉందో అని వీడియో తీసేవాళ్ళం. ఆ వీడియో ఇప్పుడు నేను చూడలేను.

కోలిక్ వచ్చిన నెలకి, ఎనిమిది గుర్రాలున్న ఒక రైడింగ్ ఫామ్‌కి రాణిని ఇచ్చేశాం. బాబాయ్ మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత ఆదివారం వెళ్ళి చూస్తే, రాణి ఇంకో ముసలి గుర్రం పక్కన నిలబడి, దాని మెడ మీద పళ్ళతో గోకుతోంది. బాబాయ్ పిలిచారు. ఒకసారి తల ఎత్తి చూసి, మళ్ళీ గోకడంలో పడిపోయింది. "బాగానే ఉందిరా" అన్నారు, అంతే.

కాబట్టి ఇంటి దగ్గర గుర్రాన్ని పెంచుకోవచ్చా అంటే, పెంచుకోవచ్చు. రెండు గుర్రాలకు చోటు, రోజంతా చూసుకునే మనిషి, రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తే గుర్రాల డాక్టర్, ఈ మూడూ ఉంటే. ఒక్కటి తక్కువైనా, దగ్గర్లో ఏదైనా ఫామ్‌కి వెళ్ళి వారానికి రెండు గంటలు గడపండి. గుర్రానికీ మంచిది, మీకూ మంచిది. మరో ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండి.