లివిటిపుట్టు హత్యలు

2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలంలోని లివిటిపుట్టు వద్ద అరకులోయ శాసనసభ్యుడు కిడారి సర్వేశ్వరరావు, మాజీ శాసనసభ్యుడు సివేరి సోమలను మావోయిస్టులు కాల్చి చంపిన సంఘటనను లివిటిపుట్టు హత్యలు అంటారు. అప్పట్లో విశాఖపట్నం జిల్లాలో ఉన్న ఈ మండలం 2022 ఏప్రిల్ 4 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నది.

నేపథ్యం

ఆంధ్ర-ఒడిషా సరిహద్దు కొండలలో మావోయిస్టులకు, పోలీసులకు మధ్య పోరు దశాబ్దాల నాటిది. 2008 జూన్‌లో బలిమెల జలాశయంలో పడవపై జరిగిన దాడిలో పలువురు గ్రేహౌండ్స్ జవాన్లు మరణించారు. 2016 అక్టోబరులో మల్కనగిరి జిల్లాలో జరిగిన ఎదురుకాల్పులలో 20 మందికి పైగా మావోయిస్టులు మరణించారు. ఈ పోరులో ఎవరి పక్షమని రెండువైపుల నుండి అనుమానానికి గురైనవారు గిరిజనులే.

2014 ఎన్నికలలో సోమపై వైఎస్సార్ కాంగ్రెసు అభ్యర్థిగా గెలిచిన కిడారి, 2016లో తెలుగుదేశంలో చేరారు. ఆనాటి ప్రత్యర్థులు మరణించేనాటికి ఒకే పార్టీవారు.

సంఘటన

గ్రామ పర్యటనకు వెళ్తున్న నాయకులను దారిలో అడ్డగించి, అంగరక్షకుల ఆయుధాలను లాక్కొని, ఇద్దరినీ కాల్చారు. 2004 సెప్టెంబరు 21న ఏర్పడిన మావోయిస్టు పార్టీ ఆవిర్భావ వారోత్సవాల రోజులవి. ఆగ్రహించిన అనుచరులు అదేరోజు అరకు, డుంబ్రిగుడ పోలీసు స్టేషన్లపై దాడిచేశారు.

దర్యాప్తు

2018 డిసెంబరులో కేసు జాతీయ దర్యాప్తు సంస్థకు బదిలీ అయినది. చంపినదెవరో తొలిరోజే తెలిసినా, నాయకుల రాకపోకల సమాచారం వారికెలా చేరినదన్నది దర్యాప్తులో ముఖ్యాంశమైనది. మావోయిస్టులకు సహకరించారన్న అభియోగంపై స్థానికులు కొందరు అరెస్టయ్యారు. సూత్రధారిగా పోలీసులు పేర్కొన్న చలపతి 2025 జనవరిలో ఛత్తీస్‌గఢ్‌లోని గరియాబంద్ జిల్లాలో ఎదురుకాల్పులలో మరణించాడు.