చలి చావులకు లెక్కేది?

ఏప్రిల్, మే నెలల్లో వడదెబ్బ మృతుల సంఖ్య పత్రికల్లో తరచూ కనిపిస్తుంది. డిసెంబర్ వచ్చేసరికి లంబసింగి పొగమంచు ఫొటోలు, ఆదిలాబాద్‌లో ఉష్ణోగ్రత ఎంతకు పడిపోయిందన్న వార్తలు వస్తాయి. చలికి పోయినవాళ్ల లెక్క మాత్రం అరుదు. అలాంటి చావులు లేక కాదు, వాటి మీద చలి పేరు పడక. ఒళ్లు చల్లబడగానే చర్మంలోని రక్తనాళాలు బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది, రక్తం చిక్కబడి గడ్డకట్టే గుణం హెచ్చుతుంది. బీపీ, షుగర్ ఉన్న పెద్దాయన కార్తీకమాసపు తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం చేసి కుప్పకూలితే ధ్రువపత్రంలో గుండెపోటు అనే రాస్తారు. అందులో అబద్ధం లేదు, కానీ అది సగం సంగతే. మిగతా సగాన్ని లెక్కలోకి తెచ్చే ఏర్పాటు మనకు కావాలి.

13 దేశాల్లోని 7.4 కోట్ల మరణాలను ఉష్ణోగ్రతలతో సరిపోల్చిన అధ్యయనం ఒకటి 2015లో 'లాన్సెట్' పత్రికలో వచ్చింది. వాటిలో చలి వాటా 7.29 శాతం, వేడి వాటా 0.42 శాతం అని తేలింది. అంతకన్నా ముఖ్యం, ఆ చలి మరణాల్లో అత్యధికం గడ్డకట్టే చలిలో జరిగినవి కావు. ఎవరూ పెద్దగా పట్టించుకోని ఓ మోస్తరు చలిలో జరిగినవి. మన దేశపు మరణాల నమూనాలతో 2018లో వెలువడిన పరిశోధన కూడా పక్షవాతం, గుండె, శ్వాసకోశ వ్యాధుల విషయంలో ఇదే చెప్పింది. పైగా వేడి దెబ్బ కొద్ది రోజుల్లోనే బయటపడుతుంది. చలి ప్రభావం రెండు మూడు వారాలు సాగుతుంది. అందుకే పండగనాటి చలికి, నెలాఖరు చావుకి సంబంధం ఎవరికీ తట్టదు.

మనది వేడి ప్రాంతం, ఇక్కడి చలి ఒక చలేనా అని కొట్టిపారేసేవాళ్లు ఉంటారు. 1997లో యూరప్‌లో జరిగిన అధ్యయనం దానికి జవాబు. 18 డిగ్రీల నుంచి ఒక్కో డిగ్రీ తగ్గేకొద్దీ మరణాలు దక్షిణ ఫిన్లాండ్‌లో 0.27 శాతం పెరిగితే, వెచ్చని ఏథెన్స్‌లో 2.15 శాతం పెరిగాయి. చలికి అలవాటుపడిన సమాజం ఇళ్లను, బట్టలను దానికి తగ్గట్టు సమకూర్చుకుంటుంది. మన రేకుల ఇళ్లు, సందులున్న తలుపులు, పల్చటి దుప్పట్లు, నేల మీది పడక ఎండాకాలానికే సరిపోవు, చలికాలం మాట చెప్పాలా! ఇక వాతావరణ శాఖ లెక్కలో, మైదానాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగి, మామూలు కన్నా కనీసం 4.5 డిగ్రీలు తగ్గితేనే సాధారణంగా చలిగాలులు వీచినట్టు. వాతావరణాన్ని వర్ణించడానికి అది సరైన కొలతే. కానీ హైదరాబాద్‌లో 14 డిగ్రీల రాత్రి ఆయాసంతో కూర్చుండిపోయే ముసలమ్మ ఆ కొలతకు అందదు.

చలికాలపు చావులకు ఫ్లూ కారణం గానీ చలి కాదనే వాదన ఇంతకన్నా బలమైనది. 2015 ఆరంభంలో తెలంగాణను స్వైన్‌ఫ్లూ ఎలా వణికించిందో తెలిసినవాళ్లు దీన్ని తోసిపుచ్చలేరు. శీతాకాలపు అదనపు మరణాలన్నిటినీ చలి ఖాతాలో వేయడం తప్పేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ పొడిగా ఉండే చల్లగాలిలో ఫ్లూ వైరస్ ఎక్కువసేపు బతుకుతుంది. తలుపులు బిగించుకున్న గదిలో ఒకరి దగ్గు అందరికీ అంటుతుంది. ఫ్లూ సోకిన మొదటి వారంలో గుండెపోటు ముప్పు ఆరు రెట్లని 2018లో కెనడా పరిశోధకులు చూపారు. రెండూ కలిసి వచ్చినప్పుడు రెండింటినీ కలిపే చూడాలి. చలిని లెక్కలోకి తేవడానికి వేడిని తక్కువగా చూడనక్కర్లేదు. ముందస్తు హెచ్చరికల విషయంలో వేడికి దక్కుతున్న శ్రద్ధ చలికీ దక్కాలంతే.

చలి ముప్పును లెక్కగట్టే పనికి కావలసినవి చాలావరకు ఇప్పటికే ఉన్నాయి. పిల్లల నిమోనియాపై ఏటా నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా 'సాన్స్' కార్యక్రమం నడుస్తోంది. ఏడాది నిండిన బిడ్డ నిమిషానికి 40 సార్లు, రెండు నెలలు దాటి ఏడాది నిండని బిడ్డ 50 సార్లు లేదా అంతకు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలెగరేస్తున్నా ఆస్పత్రికి పంపాలని ఆశా కార్యకర్తలకు తెలుసు. అదే గడప దగ్గర ఇంట్లోని పెద్దవాళ్ల బీపీ చూసి, మందులు వేసుకుంటున్నారా అని అడగవచ్చు. మూసిన గదిలో కుంపటి పెట్టుకుంటే వచ్చే విషవాయువుకు వాసన ఉండదని చెప్పవచ్చు. జ్వరాలు, శ్వాసకోశ వ్యాధుల వివరాలు ఆరోగ్య నిఘా వ్యవస్థకు ఎప్పటికప్పుడు చేరుతున్నాయి, ఉష్ణోగ్రతలు రోజూ నమోదవుతున్నాయి. ఆస్పత్రుల్లో చేరిన గుండెపోటు, పక్షవాతం కేసులను కూడా వీటి పక్కన చేర్చి, జిల్లాల వారీగా నాలుగైదు శీతాకాలాలు సరిపోల్చితే, ఏ జిల్లాలో ఎన్ని డిగ్రీల దగ్గర ముప్పు మొదలవుతుందో తెలుస్తుంది. ఆసిఫాబాద్‌కు, విజయవాడకు ఆ అంకె ఒకటే కానక్కర్లేదు.