తోట రావచ్చు, కొనరాదు

బనగానపల్లె ఊరి బయట ఎత్తు మీద నవాబుల వేసవి విడిది ఒకటుంది. 2009లో వచ్చిన 'అరుంధతి' సినిమా తర్వాత అందరూ దాన్ని అరుంధతి బంగళా అనే అంటున్నారు. ఎండాకాలం నలభై రెండు డిగ్రీలు దాటే సీమలో వేసవి విడిది కట్టుకునే ధైర్యం నవాబులకే చెల్లింది. అమెరికాలో స్థిరపడిన ఈ ఊరి పిల్లలు ఆ ఎండలకు రారు, వస్తే సంక్రాంతికి వస్తారు, లేదంటే బడి సెలవులని జూన్ నెలాఖరుకు వస్తారు. అప్పటికి చెట్ల మీద బంగినపల్లి కాయ దాదాపు ఉండదు. అయినా ఊళ్లో ఒక మిద్దె, ఊరి పక్కన ఒక తోట ఉండాలన్న కోరిక మాత్రం వాళ్లను వదలదు. అక్కణ్నుంచి వచ్చే ఫోన్లలో వినపడే మాట ఇలా ఉంటుంది: "నాయనా, పక్క తోట బేరానికి వచ్చిందంట గదా. డబ్బులు పంపిస్తా, నా పేరు మీద రాయించు."

డబ్బులు పంపించవచ్చు. పేరు మీద రాయించడమే కుదరదు.

1999 నాటి విదేశీ మారక నిర్వహణ చట్టం (ఫెమా) కింద 2019లో వచ్చిన నిబంధనలు ఈ విషయంలో సూటిగా ఉన్నాయి. ప్రవాస భారతీయులు, విదేశీ పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు పొందిన భారత సంతతివాళ్లు మన దేశంలో ఇల్లు, ఫ్లాటు, ఇంటి స్థలం, దుకాణం ఎన్నైనా కొనుక్కోవచ్చు. రిజర్వు బ్యాంకు అనుమతి అక్కర్లేదు. డబ్బు మాత్రం బ్యాంకు ద్వారా రావాలి, లేదా ఇక్కడి ఎన్నారై ఖాతాల్లోంచి పోవాలి. సూట్‌కేసులో తెచ్చిన డాలర్ల నోట్లు చెల్లవు. కొనకూడనివి మూడే: సాగుభూమి, ప్లాంటేషన్, ఫామ్‌హౌస్. మన ఊళ్లో జనం మనసు పడేది సరిగ్గా వాటి మీదే.

పాస్‌పోర్టు మార్చుకున్న వాళ్లకే ఈ అడ్డు అని చాలామంది అనుకుంటారు. కాదు. భారతీయ పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని పరాయి దేశంలో ఉద్యోగం చేసేవాడికీ ఇదే నిబంధన. చట్టం చూసేది నువ్వు ఏ ఊరివాడివని కాదు, కొనే రోజున ఎక్కడ నివాసం ఉంటున్నావని. విమానం ఎక్కకముందు కొన్న తోట మాత్రం నిక్షేపంగా ఉంచుకోవచ్చు, దాన్నెవరూ అడగరు. ఇక ద్వంద్వ పౌరసత్వం మన దేశంలో లేనేలేదు. 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో మొదటి ఓసీఐ కార్డులు చేతికిచ్చారు. ఆ కార్డుతో జీవితాంతం వీసా లేకుండా రాకపోకలు సాగించవచ్చు కానీ ఓటు లేదు, తోట కొనే హక్కు లేదు.

యాగంటి దారిలో అయిదెకరాల మామిడితోట ఉన్న ఒక రైతును ఊహించుకుందాం. కొడుకు డాలస్‌లో, కూతురు న్యూజెర్సీలో. ఇద్దరికీ అమెరికా పౌరసత్వం. బతికుండగానే పంపకాలు తేల్చేద్దామని ఆయన కొడుకు పేరున దానపత్రం రాస్తే చెల్లదు, సాగుభూమిని ఎన్నారైకి దానంగానూ ఇవ్వకూడదు. అదే తోటను వీలునామాలో రాసి కన్నుమూస్తే భేషుగ్గా చెల్లుతుంది, ఎందుకంటే వారసత్వంగా ఏ ఆస్తి అయినా సంక్రమించవచ్చు. అంటే తండ్రి చేత్తో ఇస్తే తప్పు, తండ్రి పోయాక వస్తే ఒప్పు. ఈ తేడా వెనక తర్కం ఉందనే నేను ఒప్పుకుంటాను: దానం పేరిట దొంగచాటు అమ్మకాలు జరగకుండా వేసిన కట్ట అది. కానీ ఎనభై ఏళ్ల రైతుకు దీన్ని వివరించి చూడండి. దస్తావేజు లేఖరి దగ్గర కూర్చుని "నేను సచ్చేదాకా ఆగమంటావా?" అని అడిగితే జవాబు చెప్పడం కష్టం.

అక్కడితో అయిపోదు. పిత్రార్జితంలో కూతుళ్లకు సమాన వాటా ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచే ఉంది, దేశమంతటికీ అది 2005లో వచ్చింది. కాబట్టి తోట పిత్రార్జితమైతే న్యూజెర్సీ కూతురికీ భాగం ఉంది. ఆమె తన వాటా వద్దనుకుంటే అన్నకు అమ్మగలదా? లేదు, అన్న కూడా కొనరాని మనిషే. అమ్మాలంటే ఇక్కడ నివాసం ఉండే వాళ్లకే అమ్మాలి. అన్నాచెల్లెళ్లు ఎంత సఖ్యంగా ఉన్నా తాత నాటిన చెట్లు మూడో మనిషి చేతికి పోవాల్సిందే.

భూమి మీద ఇలాంటి హద్దులు పెట్టింది మన దేశం ఒక్కటే కాదు. మన తెలుగువాళ్లు అమెరికా నుంచి సెలవులకు తరచూ పోయే మెక్సికో తీరంలోని కాన్‌కూన్‌నే తీసుకోండి. మెక్సికో 1917 రాజ్యాంగం 27వ అధికరణం ప్రకారం సముద్రతీరానికి 50 కిలోమీటర్లు, దేశ సరిహద్దుకు 100 కిలోమీటర్ల లోపల విదేశీయుడు భూమికి నేరుగా యజమాని కాలేడు. అందుకని బ్యాంకు పేరిట ట్రస్టు పెడతారు. హక్కు పత్రం బ్యాంకుది, అనుభవం కొన్నవాడిది, గడువు 50 ఏళ్లు, ఆ పైన పొడిగించుకోవచ్చు. అయితే మెక్సికో తన బిడ్డలను విడిగా చూసింది. 1998 నుంచి, అమెరికా పౌరసత్వం తీసుకున్నా పుట్టుకతో మెక్సికన్ అయినవాడు ఆ దేశ జాతీయతను నిలుపుకోవచ్చు, అదే తీరంలో తన పేరు మీదే ఇల్లు కొనుక్కోవచ్చు. మనం ఆ తలుపు తెరవలేదు.

తలుపు మూసి ఉన్నప్పుడు కిటికీలు అమ్మేవాళ్లు తయారవుతారు. 'మామిడి ఫామ్ ప్లాట్', 'ఎర్రచందనం ప్లాట్' అంటూ పావు ఎకరా, అర ఎకరా ముక్కలు చేసి, క్లబ్‌హౌస్ బొమ్మలు చూపించి ఎన్నారైలకు అంటగడుతున్నారు. అడంగల్‌లో అది మెట్ట అనో తోట అనో ఉన్నంతకాలం బ్రోచర్‌లో ఏం రాసి ఉన్నా అది సాగుభూమే. భూమిని సాగేతర అవసరానికి మార్చే పని రిజిస్ట్రేషన్‌కు ముందే పూర్తయి ఉండాలి. తర్వాత చేయిస్తామన్న మాట నమ్మి సంతకం పెట్టినవాడికి, ఫెమా కింద ఆ లావాదేవీ విలువకు మూడింతల దాకా జరిమానా పడవచ్చు.

ఇంకో కిటికీ తండ్రి పేరు. ఇది అందరూ చేసేదే కాబట్టి క్షేమమనుకుంటారు. 2016లో సవరించిన బినామీ చట్టం ఏమంటుందంటే, భార్య పేరునో పిల్లల పేరునో లెక్క ఉన్న సొంత డబ్బుతో కొంటే బినామీ కాదు. తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల పేరున కొంటే మాత్రం డబ్బు పెట్టినవాడి పేరు కూడా ఉమ్మడి యజమానిగా పత్రంలో ఉండాలి. పేరు ఉండాలని బినామీ చట్టం, ఉండకూడదని ఫెమా! ఈ రెండింటి నడుమ తలనొప్పి లేని దారి ఒక్కటే కనిపిస్తోంది: డబ్బు తండ్రికి మనస్ఫూర్తిగా ఇచ్చేయడం, ఆ తోట నిజంగా ఆయనదే అని ఒప్పుకోవడం. రేపు ఆయన వీలునామా రాయకుండా పోతే తోబుట్టువులందరికీ వాటా వస్తుంది. దానికి సిద్ధపడితేనే పంపాలి.

అందుకే నన్నడిగితే తోట మీద మమకారాన్ని ఇంటి మీదికి మళ్లించడం మేలు. బేతంచెర్ల నాపరాళ్లు పరిచిన ఇల్లు ఎండలోనూ కాళ్లకు చల్లగా ఉంటుంది. ఇంటికీ చిక్కులు లేకపోలేదు. గ్రామకంఠంలోని పాత మిద్దెలకు చాలాచోట్ల ఇంటి పన్ను రసీదు, డోరు నంబరు తప్ప వేరే దస్తావేజు ఉండదు. ఊరి చివర చవగ్గా దొరికే స్థలం డీకేటీ పట్టా కావచ్చు. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన ఆ భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది, ఇరవై ఏళ్లు దాటినవాటికి 2023లో సడలింపు వచ్చింది. వక్ఫు భూమి, దేవాలయ భూమి సంగతి సరేసరి. నవాబు సంస్థానంగా 1948 దాకా నడిచిన ఊళ్లో ఇనాముల చరిత్ర ఎక్కువే ఉంటుంది. కాబట్టి ఈసీ ఒక్కటే చూసి బయానా ఇవ్వకుండా, ఆ స్థలం సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింది నిషేధిత జాబితాలో ఉందేమో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చూసుకోవాలి.

అక్కడే ఉండి ఇక్కడ సంతకం పెట్టించాలంటే జీపీఏ అనే అధికారపత్రం కావాలి. అమెరికాలో నోటరీ, అపోస్టిల్ చేయించిన పత్రం ఇండియాకు చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు వేయించాలి. జీపీఏ పనులు జరిపించేందుకే. దాంతోనే ఆస్తి చేతులు మారదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పేసింది. అమ్మేటప్పుడు మరో లెక్క: అమ్మేవాడు ఎన్నారై అయితే కొనేవాడు పన్ను కోసి కట్టాలి. ముందే ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ కోతకు ధ్రువపత్రం తెచ్చుకోకపోతే పెద్ద మొత్తం ఇరుక్కుంటుంది. వారసత్వపు ఆస్తి అమ్మిన డబ్బును ఎన్నార్వో ఖాతా నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా బయటికి తీసుకుపోవచ్చు. బనగానపల్లె ధరలకు ఆ పరిమితి ఎవరికీ అడ్డు రాదు లెండి.

నాకు అన్యాయంగా తోచేది డాలస్ కొడుకు సంగతి కాదు. ఉమ్మడి కడప జిల్లాలోని రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్‌కు పోయి డ్రైవర్లుగా, ఇంటి పనివాళ్లుగా చెమటోడ్చేవాళ్ల సంగతి. వాళ్లకు కువైట్ పౌరసత్వం ఇవ్వదు, వాళ్లు అడగరు. భారతీయ పాస్‌పోర్టే, ఓటు హక్కు మనదే, వాళ్ల జీతం చేరేది ఇక్కడికే. అయినా అక్కడున్నన్నాళ్లూ సొంత ఊళ్లో ఎకరం చేను వాళ్ల పేరున కొనడానికి లేదు. భూస్వాములుగా మారే విదేశీ పెట్టుబడిదారులను ఆపడానికి పెట్టిన నిబంధన కువైట్ డ్రైవరును ఆపుతోంది. భారత పౌరుడైన ప్రవాస కూలీకి, ఒక హద్దు విధించైనా సరే, ఆ ఎకరం కొనుక్కునే వీలు కల్పించాలి. ప్రస్తుతానికి వాళ్లలో ఎక్కువమంది చేసేది, పొలం తర్వాత చూసుకుందామని ముందు ఇల్లు కట్టుకోవడం. ఊళ్లోనే ఉండిపోవడానికి తిరిగొచ్చి, ఇక్కడి నివాసిగా లెక్కలోకి వచ్చాక, ఆ ఎకరం పట్టా అదే పాస్‌పోర్టుతో వాళ్ల పేరునే అవుతుంది. ధర మాత్రం అప్పటిది కట్టాలి.