పాస్‌వర్డ్ అక్కర్లేదు.. 31 సెకన్లలో అడ్మిన్ అకౌంట్ హైజాక్! అసలేంటీ క్రాస్ సైట్ స్క్రిప్టింగ్?

పాస్‌వర్డ్ ఎంత గట్టిగా పెట్టుకున్నా సైట్‌లోనే లోపం ఉంటే హ్యాకర్‌కు దాంతో పనే ఉండదు. 2013 జులైలో ఉబుంటు ఫోరమ్స్‌పై జరిగిన దాడే ఇందుకు ఉదాహరణ. ఏకంగా 18.2 లక్షల మంది యూజర్ల పేర్లు, ఈమెయిల్ అడ్రస్‌లు, హ్యాష్ రూపంలో ఉన్న పాస్‌వర్డ్‌లు హ్యాకర్ చేతికి చిక్కాయి.

అసలేం జరిగిందంటే..

జులై 14న హ్యాకర్ ఓ మోడరేటర్ అకౌంట్‌తో లోపలికి వచ్చాడు. ఆ సైట్ వీబులెటిన్ సాఫ్ట్‌వేర్‌పై నడిచేది. అందులో ప్రకటనలు పెట్టేవాళ్లకు హెచ్‌టీఎంఎల్ కోడ్ రాసే వీలుంది. హ్యాకర్ ఓ ప్రకటన పెట్టి, ఆ పేజీలో ఎర్రర్ వస్తోందంటూ ముగ్గురు అడ్మిన్లకు మెసేజ్ పంపాడు. ఒక అడ్మిన్ పేజీ తెరిచి చూశారు. ఎర్రర్ ఏమీ లేదు. ఆ మాట రిప్లై ఇచ్చేలోపే, సరిగ్గా 31 సెకన్లకు హ్యాకర్ ఆ అడ్మిన్ పేరుతో లాగిన్ అయిపోయాడు! ప్రకటనలో దాచిన స్క్రిప్ట్ అడ్మిన్ కుకీని హ్యాకర్‌కు పంపేసిందని ఉబుంటును నడిపే కెనానికల్ సంస్థ అంచనాకు వచ్చింది. జులై 20న సైట్ పేజీనే మార్చేయడంతో గానీ విషయం బయటపడలేదు.

కుకీ పోతే ఏమవుతుంది?

కుకీ అంటే సినిమా హాల్లో చించి ఇచ్చే టికెట్ ముక్క లాంటిది. ఇంటర్వెల్ తర్వాత అది చూపిస్తే చాలు, మళ్లీ టికెట్ కొనక్కర్లేదు. లాగిన్ అయ్యాక సైట్ కూడా కుకీనే చూస్తుంది, పాస్‌వర్డ్ మళ్లీ అడగదు. ఆ ముక్క ఎవరి చేతిలో ఉంటే లోపలికి వాళ్లకే దారి.

ఇక పోస్టులో ఎవరైనా స్క్రిప్ట్ పెడితే, అది సైట్ పంపిందో, యూజర్ రాశాడో బ్రౌజర్‌కు తెలియదు. సైట్‌దే అనుకుని నడిపేస్తుంది. క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ అంటే ఇదే.

అడ్డుకట్ట ఎలా?

యూజర్ టైప్ చేసినదాన్ని సైట్ అక్షరాలుగానే చూపించాలి, కోడ్‌గా నడవనివ్వకూడదు. కుకీలకు 'హెచ్‌టీటీపీ ఓన్లీ' సెట్టింగ్ పెడితే స్క్రిప్ట్‌లు వాటిని చదవలేవు. 

మరి యూజర్లు ఏం చేయాలి? పని అయ్యాక ట్యాబ్ మూసేసి ఊరుకోకుండా లాగౌట్ చేయాలి. ముఖ్యంగా, ఒకే పాస్‌వర్డ్‌ను అన్ని సైట్లకూ వాడొద్దు. ఎందుకంటే ఒక చోట లీకైతే, హ్యాకర్లు అదే పాస్‌వర్డ్‌తో మీ ఈమెయిల్ కూడా తెరవడానికి చూస్తారు.