నొప్పి లేదని ఊరుకోవద్దు

షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పులు మన ఇళ్ళలో కాఫీ తాగుతూ మాట్లాడుకునే జబ్బులు. రొమ్ములో గడ్డ తగిలితే మాత్రం ఆ మాట కట్టుకున్న భర్తకు కూడా చెప్పుకోరు. వెనకటి తరం కాన్సర్‌ను రాచపుండు అనేది. ఆ పేరు కూడా గొంతు తగ్గించే పలికేది. పేరు ఎత్తనంత మాత్రాన జబ్బు వచ్చిన దారిన పోదు. నేను డాక్టరును కాను, బి.కాం. చదివి బ్యాంకులో లెక్కలు చూసుకుంటున్నదాన్ని. అందుకే ఈ విషయాన్ని లాభనష్టాల లెక్కలోనే చెబుతాను.

కొన్నేళ్ళ కిందట ఒకావిడ ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను గడువుకు ముందే తీసుకోవడానికి మా బ్రాంచికి వచ్చారు. ఆపరేషన్ ఖర్చుకట. గడ్డ సంగతి తెలిసి ఏడాది దాటిందట. "నొప్పి లేదు కదమ్మా, అమ్మాయి పెళ్ళి అయ్యాక చూసుకోవచ్చు అనుకున్నాను" అన్నారు. గడువుకు ముందు డిపాజిట్ తీస్తే పోయేది కొంత వడ్డీ. వైద్యానికి గడువు దాటిపోతే పోయేది అసలే.

మన ఊరి ఆసుపత్రి కథ

మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి 1912లో డాక్టరైన ముత్తులక్ష్మీ రెడ్డి 1923లో తన చెల్లెలిని కాన్సర్ వల్ల పోగొట్టుకున్నారు. కాన్సర్‌కు ప్రత్యేకంగా ఒక ఆసుపత్రి కావాలన్న పట్టుదల ఆ దుఃఖంలోంచి పుట్టింది. 1952లో నెహ్రూగారు అడయారులో శంకుస్థాపన చేశారు. 1954 జూన్ 18న 12 పడకలతో ఆసుపత్రి మొదలైంది. మరుసటి ఏడు చేరిన డాక్టర్ వి. శాంత, 2021 జనవరిలో కన్నుమూసేదాకా ఆ సంస్థనే ఇల్లుగా చేసుకున్నారు.

ఆ సంస్థలోనే 1981 నుంచి నగరంలో కాన్సర్ రోగుల లెక్క రాస్తున్నారు. మొదట్లో ఆడవారిలో గర్భాశయ ముఖద్వార కాన్సర్‌దే మొదటి స్థానం. తర్వాత రొమ్ము కాన్సర్ దాన్ని దాటిపోయింది. దేశం మొత్తం మీద కూడా అంతే. అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 1,92,000 మందికి ఇది కొత్తగా వచ్చింది. 98,000 మంది దీనివల్ల చనిపోయారు. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దగ్గర ఇది సుమారు పదేళ్ళు ముందుగానే కనిపిస్తోంది.

ఎవరికి రిస్కు?

వయసు పెరిగేకొద్దీ రిస్కు పెరుగుతుంది. చిన్న వయసులో రజస్వల కావడం, నెలసరి ఆలస్యంగా ఆగడం, తొలి కాన్పు ముప్పై దాటాక రావడం, అసలు పిల్లలు లేకపోవడం, నెలసరి ఆగాక ఒళ్ళు పెరగడం, మద్యం, ఇవన్నీ రిస్కును కొంత పెంచుతాయి. బిడ్డకు పాలివ్వడం కొంత తగ్గిస్తుంది. పాలిచ్చిన ప్రతి పన్నెండు నెలలకూ రిస్కు నూటికి 4 వంతుల చొప్పున తగ్గుతుందని 2002లో అనేక దేశాల లెక్కలు కలిపి చూసినవారు తేల్చారు.

వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి 5 నుంచి 10 మాత్రమే. అందుకు కారణమైన బి.ఆర్.సి.ఎ. జన్యువుల మార్పు తల్లి వైపు నుంచే కాదు, తండ్రి వైపు నుంచి కూడా రావచ్చు. "మా వంశంలో లేదు" అనే ధీమా పనికిరాదు. ఈ జబ్బు వచ్చినవారిలో ఎక్కువమందికి వంశంలో ఎవరికీ లేదు. అరుదుగానైనా మగవారికీ వస్తుంది.

రిస్కు ఉన్న ప్రతి అప్పూ మొండి బాకీ కాదు. గట్టి హామీ ఉన్న అప్పు కూడా ఒక్కోసారి మునుగుతుంది. అందుకే బ్యాంకు అన్ని ఖాతాలనూ ఏటా తిరగేస్తుంది. శరీరానికీ అదే న్యాయం.

ఏం గమనించాలి?

రొమ్ములోగాని చంకలోగాని గడ్డ, చర్మం గుంట పడటం లేదా నారింజ తొక్కలా మారడం, చనుమొన లోపలికి లాక్కుపోవడం, దాని నుంచి రక్తం రావడం, వీటిలో ఏది కనిపించినా డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. గడ్డల్లో ఎక్కువ భాగం కాన్సర్ కావు. అయితే కాన్సర్ గడ్డ తొలిదశలో చాలామందికి నొప్పి పెట్టదు. మోసమంతా అక్కడే ఉంది. మామోగ్రామ్, స్కాన్, సూదితో ముక్క తీసి చేసే పరీక్ష, వీటితో నిజం తేలుతుంది. సూది గుచ్చితే కాన్సర్ పాకుతుందన్నది వట్టి భయం.

అమెరికా లెక్కల ప్రకారం జబ్బు రొమ్ము దాటకముందే పట్టుకుంటే నూటికి సుమారు 99 మంది ఐదేళ్ళు దాటి బతుకుతున్నారు. దూరపు అవయవాలకు పాకాక బయటపడితే, ముగ్గురిలో ఒకరే. జబ్బు ఒకటే. తేడా అంతా ఎప్పుడు పట్టుకున్నామన్న దానిలోనే ఉంది.

చికిత్స ఎంత మారింది!

రొమ్ము మొత్తం తీసేస్తారన్న భయంతోనే చాలామంది దాస్తారు. ఇటలీలోని మిలాన్‌లో 1973లో మొదలైన పరిశోధన ఫలితాలను ఇరవై ఏళ్ళు గమనించి 2002లో ప్రకటించారు. గడ్డ చిన్నదైతే, గడ్డ ఉన్న భాగం మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చినా, రొమ్మంతా తీసినా, ఆయుర్దాయంలో తేడా లేదని తేలింది.

మందుల కథలో మన తెలుగువాడి చెయ్యి ఉంది. భీమవరంలో పుట్టి, ముత్తులక్ష్మిగారు చదివిన మద్రాసు మెడికల్ కాలేజీలోనే చదివిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపిన పరిశోధనల నుంచే మెథోట్రెక్సేట్ వచ్చింది. ఆపరేషన్ తర్వాత జబ్బు తిరగబెట్టకుండా మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స ఫలితాలు 1976లో వెలువడ్డాయి. ఆ మూడింటిలో ఇదొకటి. హార్మోన్ల మీద ఆధారపడే రకానికి టామాక్సిఫెన్ వంటి మాత్రలు, హెర్-2 రకానికి 1998లో వచ్చిన ట్రాస్టుజుమాబ్ ఉన్నాయి. ఏది ఎవరికన్నది పరీక్షలు చూసి డాక్టరే నిర్ణయించాలి.

చేతులే యంత్రాలు

ముంబై టాటా ఆసుపత్రివారు 1998 నుంచి మురికివాడల్లో లక్షన్నర మంది స్త్రీల మీద ఒక పరిశీలన జరిపారు. శిక్షణ పొందిన మహిళలు రెండేళ్ళకొకసారి చేతితో రొమ్ము పరీక్ష చేశారు. 2021లో వచ్చిన ఫలితాల ప్రకారం ఏభై దాటినవారిలో ఈ జబ్బుతో మరణాలు నూటికి ముప్పై వంతుల దాకా తగ్గాయి. ఖరీదైన యంత్రం ఏదీ వాడలేదు. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు కూడా 30 నుంచి 65 ఏళ్ళ స్త్రీలకు ఐదేళ్ళకొకసారి ఇటువంటి పరీక్ష జరగాలంటున్నాయి. దగ్గరి బంధువుల్లో ఈ జబ్బు ఉన్నవారు ఇంకా ముందే డాక్టరు సలహా తీసుకోవాలి.

ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు. ఇంటి ఇల్లాలు తన జబ్బును అందరి పనులూ అయ్యాక చూసుకునే పనిగా వాయిదా వేస్తుంది. ఆ వాయిదాను రద్దు చేయవలసింది భర్తలు, కొడుకులు. "ఈ ఏడు పరీక్ష చేయించుకున్నావా?" అని అడగడానికి సిగ్గు దేనికి? మన సంఘం మహిళా విభాగంవారు ఏటా ఒక ఆదివారం ఒక లేడీ డాక్టరును పిలిపించి సభ్యులకు ఈ పరీక్ష ఏర్పాటు చేస్తే బాగుంటుందని నా మనవి. ఆ రోజు పేర్లు రాసుకునే పని నాకు అప్పగించండి, సంతోషంగా చేస్తాను.